కతోలిక విద్యార్థుల వార్షిక సమావేశం ఎలా నిర్వహించాలి? మొదటిసారి పూనుకున్నవారికి

మీ కాలేజీలో కతోలిక విద్యార్థుల సమాఖ్య ఐకఫ్ యూనిట్‌కు ఈ ఏడాది మిమ్మల్ని కార్యదర్శిగా ఎన్నుకున్నారనుకుందాం. లేదా మేత్రాసనంలో యువత సంగతులు చూసే ఫాదర్ గారు పిలిచి, "ఈసారి విద్యార్థుల సమావేశం బాధ్యత నీదేనమ్మా" అన్నారనుకుందాం. అనుభవం లేదు, డబ్బు లేదు, చేతిలో నాలుగైదు నెలల సమయం మాత్రం ఉంది. అలాంటివారి కోసమే ఈ వ్యాసం. వంద నుంచి నూటయాభై మంది డిగ్రీ, ఇంజనీరింగ్, పీజీ విద్యార్థులు శుక్రవారం సాయంత్రం చేరి ఆదివారం మధ్యాహ్నం తిరిగి వెళ్ళే సమావేశాన్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

మన దగ్గర చాలా సమావేశాల్లో మాట్లాడేది వేదిక ఒక్కటే. బిషప్ గారి సందేశం, ప్రిన్సిపల్ గారి సందేశం, ఇద్దరు వక్తలు, శాలువాలు, గ్రూప్ ఫోటో. విద్యార్థి వచ్చి, విని, భోంచేసి వెళ్ళిపోతాడు. ఆ మాత్రానికి ఊళ్ళు దాటించి పిల్లల్ని రప్పించనక్కర్లేదు. విద్యార్థి తన సంగతి తన నోటితో చెప్పుకోవాలి. పక్కవాడి సంగతి చెవిపెట్టి వినాలి. ఆ రెంటినీ సువార్త ముందు పెట్టి చూసుకోవాలి. తిరిగి వెళ్ళాక ఏం చెయ్యాలో ఒక్కటైనా తేల్చుకోవాలి. ఏర్పాట్లన్నీ దీనికోసమేనని మొదటి రోజే మీ జట్టంతా ఒప్పుకుంటే తర్వాతి నిర్ణయాలు సులువవుతాయి.

ఇది కొత్త దారేమీ కాదు. ఇటలీలో కతోలిక విశ్వవిద్యాలయ విద్యార్థుల సమాఖ్య 1896లోనే ఏర్పడింది. 1925 నుంచి 1933 దాకా దానికి ఆధ్యాత్మిక సలహాదారుగా ఉన్న మొంతీనీ అనే గురువు తర్వాత ఆరవ పౌలు పోపు అయ్యారు. ట్యూరిన్‌లో గనుల ఇంజనీరింగ్ చదివిన పియెర్ జోర్జియో ఫ్రస్సాతీ ఆ సమాఖ్య సభ్యుడు. పేదల ఇళ్ళకు మందులు, సరుకులు స్వయంగా మోసుకెళ్ళిన ఆ యువకుడు 1925 జూలై 4న, 24 ఏళ్ళకే చనిపోయాడు. 2025 సెప్టెంబర్ 7న ఆయన్ని పునీతుడిగా ప్రకటించారు. దేశదేశాల కతోలిక విద్యార్థి సంఘాలను కలిపే పాక్స్ రోమానా 1921లో స్విట్జర్లాండ్‌లో మొదలైంది. మన దేశంలో ఆల్ ఇండియా కాథలిక్ యూనివర్సిటీ ఫెడరేషన్, అందరూ పిలిచే పేరు ఐకఫ్, 1924లో పుట్టింది. ఫ్రెంచి జెస్విట్ గురువు పియెర్ సెరాక్ దాని బాధ్యత చూసిన రోజుల్లో విద్యార్థులు మురికివాడలకూ పల్లెలకూ వెళ్ళి పని శిబిరాల్లో చెమటోడ్చారు. 1970లో చెన్నై పక్కనున్న పూనమల్లిలో జాతీయ సమావేశానికి చేరిన విద్యార్థులు, తాము పుట్టింది అన్యాయమైన సమాజంలోననీ, దాన్ని ఉన్నదున్నట్టు వదిలిపెట్టి పోకూడదనీ తీర్మానించుకున్నారు. ఐకఫ్ ఈనాటికీ ఆ మాట మీదే నిలబడి ఉంది. ఒక సమావేశానికి అంత బలం ఉంటుంది.

మొదటి మెట్టు: జట్టు, అనుమతులు

ఏడెనిమిది మంది చాలు. సగం మంది అమ్మాయిలుండాలి. అందరూ ఒకే కతోలిక కాలేజీవాళ్ళు కాకుండా, ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చదివేవారు కనీసం ఇద్దరుండాలి. ఒకరు డబ్బు, ఒకరు బస, ఒకరు భోజనం, ఒకరు నమోదు, ఇద్దరు చర్చల నిర్వహణ, ఒకరు ప్రార్థన చూసుకోవాలి. ఎవరి పని వారికి కాగితం మీద రాసివ్వండి.

సలహాదారుగా ఒక ఫాదర్ గారు, ఒక సిస్టర్ గారు ఉండాలి. వాళ్ళ పని వెనుక నిలబడడం. ఆ మాట మొదట్లోనే గౌరవంగా చెప్పండి: "ఫాదర్ గారూ, ఏర్పాట్లు మేం చేసుకుంటాం. తప్పు దారిలో వెళ్తుంటే ఆపండి." చాలామంది గురువులు సంతోషంగా ఒప్పుకుంటారు.

తర్వాత మూడు ఉత్తరాలు రాయాలి. మేత్రాసన బిషప్ గారికి ఒకటి, సమావేశం జరిగే చోటి విచారణ గురువులకు ఒకటి, మీ కాలేజీ ప్రిన్సిపల్‌కు ఒకటి. బయటి మేత్రాసనం నుంచి గురువుల్ని పిలుస్తుంటే ఆ సంగతి ఉత్తరంలో తప్పక రాయండి. పూజ గుడిలో కాక హాల్లో జరపాలనుకుంటే అది కూడా ముందే అడగాలి.

రెండో మెట్టు: తేదీ, చోటు

తేదీ పెట్టే ముందు విశ్వవిద్యాలయాల పరీక్షల పట్టికలు ముందేసుకోండి. ఆంధ్రా, నాగార్జున, ఉస్మానియా, కాకతీయ, జేఎన్‌టీయూ పరీక్షలు ఒకదానితో ఒకటి కలవవు. అందరికీ కుదిరే వారం దొరకదు, ఎక్కువమందికి కుదిరేది చూసుకోవాలి. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా గుణదల మరియమాత ఉత్సవాలు. ఆ రోజుల్లో విజయవాడ చుట్టుపక్కల గదులు దొరకవు, గురువులకు తీరిక ఉండదు, రైళ్ళు కిటకిటలాడతాయి. తపఃకాలంలో పెట్టుకుంటే సాంస్కృతిక కార్యక్రమాలు తగ్గించి ధ్యానం పెంచాలి. డిసెంబర్‌లో ప్రతి విచారణా క్రిస్మస్ పనుల్లో మునిగి ఉంటుంది. క్రీస్తురాజు మహోత్సవం నవంబర్ చివరి వారాల్లో వస్తుంది. 2021 నుంచి మేత్రాసనాల్లో యువజన దినాన్ని ఆ ఆదివారమే జరుపుకుంటున్నారు కాబట్టి, పరీక్షలు అడ్డు రాకపోతే మీ సమావేశాన్ని దానికి కలపడం బాగుంటుంది. లేదంటే దసరా సెలవుల చివరి మూడు రోజులు మంచివి.

రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ వస్తుంటే విజయవాడ, కాజీపేట, సికింద్రాబాద్ లాంటి రైల్వే జంక్షన్ దగ్గర చోటు వెతకండి. రైలు టికెట్లు ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటాయి. అంటే తేదీ, చోటు అంతకంటే ముందే ఖాయం కావాలి. మేత్రాసన పాస్టోరల్ సెంటర్, ధ్యాన కేంద్రం, సెలవుల్లో ఖాళీగా ఉండే కాలేజీ హాస్టల్, ఈ మూడింట్లో ఒకటి కుదురుతుంది. చూడడానికి వెళ్ళినప్పుడు హాలు అందం కంటే ముందు మరుగుదొడ్లు లెక్కపెట్టండి. పదిమందికి ఒకటి ఉంటే ఉదయం పూట ఆలస్యం కాదు. అమ్మాయిల బస వేరే అంతస్తులోనో వేరే భవనంలోనో ఉండాలి. రాత్రి తాళం ఎవరి దగ్గర ఉంటుందో అడగండి. కదిలించగల కుర్చీలు, బృందాలు విడివిడిగా కూర్చోవడానికి చెట్ల నీడో వరండాలో కావాలి. బోల్టులు బిగించిన కుర్చీల ఆడిటోరియం ఎంత పెద్దదైనా మీకు పనికిరాదు.

మూడో మెట్టు: ఎవరిని పిలవాలి?

ఎక్కువ శ్రమ పడాల్సింది ఇక్కడే. ఆంధ్ర లొయోలా, మారిస్ స్టెల్లా, విశాఖ సెయింట్ జోసెఫ్స్, ఏలూరు సెయింట్ థెరెసా, తెనాలి జేఎంజే, బేగంపేట సెయింట్ ఫ్రాన్సిస్, అల్వాల్ లొయోలా అకాడమీ లాంటి కాలేజీలకు ఉత్తరం రాస్తే చాలు, విద్యార్థులు వస్తారు. అక్కడ గుడి ఉంది, గురువులున్నారు, సిస్టర్లున్నారు. సమావేశం ఎక్కువ అవసరమైనవాళ్ళు మరోచోట ఉంటారు. నాలుగు వేలమంది చదివే ఇంజనీరింగ్ కాలేజీలో తాను తప్ప కతోలికులెవరూ లేరనుకునే అబ్బాయి. సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉంటూ నెలకోసారి ఇంటికెళ్ళినప్పుడే పూజకు వెళ్ళగలిగే అమ్మాయి. నూజివీడు, ఇడుపులపాయ, బాసర ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి అయిన వెంటనే చేరి ఆరేళ్ళు అక్కడే ఉండే పిల్లలు. వీళ్ళ పేర్లు ఏ జాబితాలోనూ దొరకవు. సర్టిఫికెట్‌లోని పేరు చూసి కతోలికులని గుర్తుపట్టడం కూడా కుదరదు.

వాళ్ళను వెతకడానికి మంచి దారి విచారణ ఉపదేశి. ఏ ఇంటి పిల్లలు ఏ ఊళ్ళో ఏం చదువుతున్నారో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పల్లె విచారణలకు ఫోన్ చేసి ఉపదేశిగారితో పది నిమిషాలు మాట్లాడితే ఐదారు పేర్లు దొరుకుతాయి. రెండోది, విశ్వవిద్యాలయాల దగ్గరి గుళ్ళలో ఆదివారం పూజ అయ్యాక వాకిట్లో నిలబడడం. వెనక వరసలో కూర్చుని, అందరికంటే ముందు బయటికి వచ్చేవాళ్ళను పలకరించండి. వాట్సాప్ సందేశం మీ సంగతి అందరికీ తెలియజేస్తుంది, కానీ ఒంటరిగా ఉన్నవాళ్ళు దాన్ని చూసి రారు. మనిషి వెళ్ళి పిలిస్తే వస్తారు. అందుకే జట్టులో ఒక్కొక్కరూ పదిమందిని స్వయంగా పిలిచే బాధ్యత తీసుకోండి.

శ్రీకాకుళం, పాడేరు, భద్రాచలం వైపు నుంచి వచ్చే ఆదివాసీ విద్యార్థులకు ప్రయాణం ఖర్చు, దూరం రెండూ భారమే. వాళ్ళ రానుపోను చార్జీలు బడ్జెట్‌లో మొదటి పద్దు కావాలి. ఆదిలాబాద్ సీరో మలబారు మేత్రాసనం. హైదరాబాద్ నర్సింగ్ కాలేజీల్లో కూడా ఆ సంప్రదాయానికి చెందిన కేరళ విద్యార్థులున్నారు. వాళ్ళ పూజా సంప్రదాయం వేరు, కానీ సంఘం ఒక్కటే. వాళ్ళకు కూడా కబురు పెట్టండి.

అమ్మాయిల విషయంలో తల్లిదండ్రుల అనుమతే ప్రధానం. ఇంగ్లీషు కరపత్రం పంపితే ఇంట్లోవాళ్ళకు నమ్మకం కుదరదు. తెలుగులో ఒక పేజీ ఉత్తరం, అందులో సిస్టర్ గారి పేరు, ఫోన్ నంబరు, బస ఎక్కడ, తిరిగి ఎప్పుడు బయలుదేరేది, ఎవరు రైలెక్కించేది రాయండి. వీలైతే సిస్టర్ గారే ఆ అమ్మగారితో ఒక్కసారి మాట్లాడితే మంచిది.

ఇతర మతాల స్నేహితులు వస్తామంటే రానివ్వండి. ఐకఫ్ తలుపులు అందరికీ తెరిచే ఉన్నాయి. పూజలో దివ్యసత్ప్రసాదం కతోలికులకేనన్న సంగతి మాత్రం ముందుగా, ఒక్కరితో చెప్పినట్టు మృదువుగా చెప్పండి. అప్పటికప్పుడు వరసలో చెబితే నొచ్చుకుంటారు.

నమోదు కాగితంలో పేరు, కాలేజీ, ఫోన్, ఇంటివారి ఫోన్, ఆరోగ్య సమస్యలు, ఇదే మొదటిసారా అన్న ప్రశ్న చాలు. కులం అడగకండి.

నాలుగో మెట్టు: విషయం ఎంచుకోవడం

బెల్జియం గురువు జోసెఫ్ కార్డిజ్న్ యువ కార్మికులతో మొదలుపెట్టిన పద్ధతి ఒకటుంది. ముందు ఉన్న స్థితిని చూడాలి, తర్వాత దాన్ని సువార్తతో తూచాలి, ఆ తర్వాత చేతల్లోకి దిగాలి. 1961లో ఇరవైమూడవ యోహాను పోపు గారు తన సామాజిక విశ్వలేఖలో దీన్ని యువతకు ప్రత్యేకంగా సిఫారసు చేశారు. ఐకఫ్ పని కూడా ఈ దారిలోనే నడుస్తుంది. కొత్తవాళ్ళకు ఇంతకంటే సులువైన చట్రం మరొకటి లేదు.

సమావేశానికి నెల ముందు, నమోదైన ప్రతి విద్యార్థికీ మూడు ప్రశ్నలు పంపండి. నీ చదువులో నిన్ను నిద్రపోనివ్వనిది ఏది? నీ విశ్వాసం గురించి ఎవరినీ అడగలేకపోయిన ప్రశ్న ఏది? నీ ఊళ్ళో జరుగుతున్న అన్యాయం ఒకటి చెప్పు. పేరు రాయనక్కర్లేదని చెప్పండి. వచ్చిన జవాబుల్లో నుంచే విషయం ఎంచుకోండి. ఎక్కువగా వచ్చేవి మీరూ ఊహించగలరు: ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు విడుదల కాక కాలేజీ సర్టిఫికెట్లు ఆపడం, అమెరికా చదువుకోసం ఇల్లు తాకట్టు పెట్టడం, ఉద్యోగం రాదన్న భయం, ప్రేమ, పెళ్ళి, కులం.

కులం మాట వస్తే తప్పించకండి. తెలుగు కతోలికుల్లో చాలామంది దళిత కుటుంబాలవారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. రెండు రాష్ట్రాల్లోనూ క్రైస్తవ్యంలోకి వచ్చిన ఎస్సీలూ వారి సంతానమూ బీసీ-సీ కింద వస్తారు, దానికున్న రిజర్వేషన్ 1 శాతం. ఆదివాసీ క్రైస్తవులకు ఎస్టీ హోదా పోదు. 2022లో కేంద్రం ఈ సమస్య మీద మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో కమిషన్ వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చాలని తీర్మానం చేసింది. ఈ వరస తెలియక, సర్టిఫికెట్‌లో ఒక మాట, గుళ్ళో మరో మాట చెప్పుకుంటూ లోలోపల నలిగిపోయే విద్యార్థులు మీ సమావేశంలోనే కూర్చుని ఉంటారు. వాళ్ళను వేలెత్తి చూపకుండా, చట్టం తెలిసిన ఒక లాయరుతో వాస్తవాలు చెప్పించడం గొప్ప మేలు. గుడి లోపల కూడా కులం ఎలా పనిచేస్తుందో మాట్లాడే ధైర్యం చెయ్యండి. 2022 ఆగస్టులో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు కార్డినల్ అయినప్పుడు, ఆ పదవి అందుకున్న తొలి దళితుడు ఒక తెలుగువాడని ఎందరో విద్యార్థులు తల ఎత్తుకున్నారు. ఆ సంతోషాన్నీ ఇంకా మిగిలి ఉన్న బాధనూ ఒకే చర్చలో చెప్పుకోవచ్చు.

విషయం ఒక్కటే పెట్టుకోండి. మూడు విషయాలు పెట్టుకుంటే మూడూ పైపైనే మిగిలిపోతాయి.

ఐదో మెట్టు: డబ్బు

ఉదాహరణకు 120 మందికి ఒక లెక్క చూద్దాం. మనిషికి రోజుకు 250 రూపాయల చొప్పున రెండున్నర రోజుల భోజనానికి 75,000. బసకు మనిషికి రాత్రికి 100 చొప్పున రెండు రాత్రులకు 24,000. కింద చెప్పబోయే బస్తీ సందర్శనకు బండ్లు 10,000. కాగితాలు, మందులు, మైకు 6,000. వక్తల ప్రయాణం 5,000. మొత్తం 1,20,000. దీనిమీద పదో వంతు, అంటే 12,000, అనుకోని ఖర్చులకు తీసిపెట్టాలి. దూరం నుంచి వచ్చేవారి చార్జీలు ఎంతమంది వస్తారన్నదాన్ని బట్టి వేరుగా కలుపుకోవాలి. మీ ఊరి ధరలు కనుక్కుని అంకెలు మార్చుకోండి.

నమోదు రుసుము మనిషికి 300 పెడితే 36,000 వస్తుంది. మిగతాది మేత్రాసనం, కాలేజీలు, పూర్వ విద్యార్థులు, విచారణల నుంచి రావాలి. విచారణల్ని డబ్బు కంటే బియ్యం, కందిపప్పు, నూనె, కూరగాయలు అడిగితే సులువుగా ఇస్తారు. వందమందికి పూటకు 15 కిలోల బియ్యం లెక్క వేసుకోండి. రుసుము కట్టలేని విద్యార్థి ఎవరి ముందూ ఆ మాట చెప్పుకోవలసిన పరిస్థితి రాకూడదు. అందుకే రుసుమును యూనిట్ల వారీగా ఒకే మొత్తంగా తీసుకోండి. లోపల ఎవరు ఎంత వేసుకున్నారో నమోదు బల్ల దగ్గర కూర్చున్నవారికి తెలియనక్కర్లేదు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పూర్వ విద్యార్థి అన్నయ్య డబ్బు పంపుతానంటే తొందరపడకండి. ఆయన అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే అది 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కిందికి వస్తుంది. ఆ చట్టం కింద నమోదైన, లేదా ముందస్తు అనుమతి పొందిన సంస్థ మాత్రమే, ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో అందుకోసం తెరిచిన ఖాతా ద్వారా మాత్రమే దాన్ని తీసుకోవాలి. మీ కోశాధికారి సొంత ఖాతాలోకి, ఫోన్‌పేలోకి అలాంటి డబ్బు రానివ్వొద్దు. మేత్రాసన కార్యాలయంలో లెక్కలు చూసేవారిని అడిగాకే మాట ఇవ్వండి.

ఆరో మెట్టు: మూడు రోజుల నడక

శుక్రవారం సాయంత్రం ఎక్కువ పెట్టకండి. ప్రయాణం చేసి వచ్చినవాళ్ళకు వేడినీళ్ళు, భోజనం, పరిచయం, చిన్న రాత్రి ప్రార్థన చాలు. ఆ పూట భోజనంలో మాంసం వద్దు, శుక్రవారం కదా. ఒంటరిగా వచ్చిన ప్రతి ఒక్కరికీ గేటు దగ్గరే ఒక తోడును అప్పగించండి. ఆ రాత్రి అందరూ పడుకున్నాక చర్చలు నడిపేవారిని గంటసేపు కూర్చోబెట్టి మర్నాటి పద్ధతి చేయించి చూడండి.

శనివారం ఉదయం బృంద చర్చలు. బృందానికి తొమ్మిదిమంది, వేర్వేరు కాలేజీలవాళ్ళు. 2023లో రోమ్‌లో జరిగిన సినడ్‌లో బిషప్పులు, గురువులు, మఠవాసులు, గృహస్థులు గుండ్రటి బల్లల చుట్టూ కూర్చుని వాడిన పద్ధతి మీకు అక్షరాలా పనికొస్తుంది. మొదటి వంతులో ఒక్కొక్కరూ మూడు నిమిషాలు మాట్లాడతారు, ఎవరూ అడ్డు రారు, జవాబివ్వరు. తర్వాత మూడు నిమిషాల మౌనం. రెండో వంతులో ఒక్కొక్కరూ రెండు నిమిషాలు, ఈసారి తమ మాట కాదు, ఇతరులు చెప్పినదాంట్లో తమ మనసును తాకినదాన్ని చెబుతారు. మళ్ళీ మౌనం. ఆ తర్వాతే చర్చ. మొత్తం గంటంపావు పడుతుంది. ఈ పద్ధతిలో బాగా మాట్లాడగలిగినవాడు సమయమంతా తినేయలేడు, ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయికి తన మూడు నిమిషాలు దక్కుతాయి. మాట్లాడనంటే బలవంతం వద్దు. ఆ మూడు నిమిషాలు అందరూ ఆమెతోపాటు మౌనంగా ఉంటారు. చాలాసార్లు రెండో నిమిషంలో మాట మొదలవుతుంది. చర్చ తెలుగులోనే జరగాలి. తెలుగు రానివారున్న బృందంలో పక్కన కూర్చుని చెప్పేవారిని పెట్టండి.

పదకొండు గంటలకు బస్తీ సందర్శన. గుంటూరులో ఉంటే మిర్చి యార్డు హమాలీలు, విశాఖలో ఉంటే మత్స్యకారుల పేటలు, హైదరాబాద్ శివార్లలో ఉంటే ఒడిశా నుంచి వచ్చిన ఇటుక బట్టీ కూలీలు. వారం ముందే అక్కడివాళ్ళను కలిసి అనుమతి తీసుకోండి. పదేసి మంది వెళ్ళాలి. ఫోన్లు లోపల పెట్టాలి, ఫోటోలు వద్దు. పంచడానికి పొట్లాలు తీసుకెళ్ళవద్దు, ఎందుకంటే ఇచ్చేవాళ్ళుగా వెళ్తే వినడం కుదరదు. వాళ్ళు టీ ఇస్తే తాగండి. కూలి ఎంత, పిల్లల బడి ఎక్కడ, జబ్బు చేస్తే ఏం చేస్తారు అని అడగండి. మీ ఇంటి సంగతి వాళ్ళడిగితే చెప్పండి. వచ్చినవారిలో కొందరికి అదే తమ ఇల్లు, తమ అమ్మానాన్నల పని. ఈ సంగతి జట్టు మరవకూడదు. పేదవారిని చూసొద్దాం అనే మాట మీ నోట రావద్దు.

వక్తను శనివారం మధ్యాహ్నానికి పెట్టుకోండి, ఉదయానికి కాదు. బృందాల్లో ఏం మాట వచ్చిందో, సందర్శనలో ఏం చూశారో భోజనాల దగ్గర ఆయనకు చెప్పండి. 40 నిమిషాలు మాట్లాడి, తర్వాత ప్రశ్నలు తీసుకోవాలి. బిషప్ గారు రాగలిగితే ప్రారంభోపన్యాసం బదులు ఈ పూటే రమ్మని కోరండి. విద్యార్థుల నివేదికలు విని, అడిగినవాటికి జవాబులిమ్మనండి. అలా అడిగితే ఆయన చిన్నబుచ్చుకుంటారని భయపడకండి. వినడానికి పిలుస్తున్నామని చెబితే సంతోషిస్తారు.

సాయంత్రం ఆరాధన, పాపసంకీర్తనం. దీనికి లెక్క ముందే వేసుకోవాలి. 60 మంది పాపసంకీర్తనానికి వస్తారనుకుంటే, ఒక్కొక్కరికి ఐదు నిమిషాల చొప్పున 300 నిమిషాలు. ఒక్క గురువుంటే ఐదు గంటలు పడుతుంది. నలుగురుంటే గంటంపావులో అవుతుంది. చుట్టుపక్కల విచారణల గురువుల్ని నెలరోజుల ముందే అడగండి. అందరికీ కనిపించే చోట, మాట వినపడనంత ఎడంగా కుర్చీలు వేయండి. ఏళ్ళ తరబడి పాపసంకీర్తనానికి దూరమైనవారు ఉంటారు. ఎలా మొదలుపెట్టాలో ఒక చిన్న కాగితం అచ్చువేసి అందరికీ ఇస్తే అడగడానికి సిగ్గుపడేవారు కూడా లేచి వెళ్తారు. తర్వాత భోజనం, పాటలు, ఆటలు. రాత్రి పది గంటలకు మైకు ఆపేయాలి, అది చట్టం.

ఆదివారం ఉదయం చివరి బృంద చర్చ: మేం ఏం చేస్తాం? ఒక్కో యూనిట్ ఒక్క పనే రాసుకోవాలి, దానికి ఒక మనిషి పేరు, ఒక తేదీ ఉండాలి. అడ్మిషన్ల రోజుల్లో విచారణలో బల్ల వేసుకుని స్కాలర్‌షిప్, బీసీ-సీ సర్టిఫికెట్ దరఖాస్తులు నింపిపెట్టడం మంచి పని. ఫీజు బకాయిల మీద సమాచార హక్కు దరఖాస్తు వేయడం మరొకటి, 30 రోజుల్లో జవాబు రావాలి. పక్క హాస్టల్ పిల్లలకు లెక్కలు చెప్పడం ఇంకొకటి. మార్పు తెస్తాం, సేవ చేస్తాం లాంటి తీర్మానాలు వెనక్కిచ్చి మళ్ళీ రాయించండి.

ఆ కాగితాలు దివ్యపూజలో అర్పణ సమయంలో పీఠం దగ్గరకు రావాలి. పూజను సమావేశం చివర పెట్టమనేది అందుకే. పఠనాలు చదివేవారు ముందురోజే రెండుసార్లు గట్టిగా చదివి చూసుకోవాలి. విశ్వాసుల ప్రార్థనలో ఒక్కో బృందం ఒక్కో వాక్యం తానే రాయాలి. పాటలు అందరికీ వచ్చినవే పెట్టండి, గాయక బృందం నైపుణ్యం చూపించే సందర్భం కాదిది. దివ్యసత్ప్రసాదానికి గంట ముందు నుంచి ఏమీ తినకూడదు కాబట్టి అల్పాహారం ఎనిమిదింటికి ముగించి పూజ పదిన్నరకు మొదలుపెట్టండి. ఒంటిగంటకు భోజనం. రెండున్నరకు స్టేషన్‌కు మొదటి బండి కదలాలి.

ఏడో మెట్టు: భద్రత

ఇందులో మొహమాటానికి తావు లేదు. డిగ్రీ మొదటి సంవత్సరం, ట్రిపుల్ ఐటీ మొదటి సంవత్సరాల విద్యార్థుల్లో 18 నిండనివారుంటారు. వాళ్ళకు తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి, వాళ్ళ విషయంలో 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. ఫిర్యాదు విన్నవారు పోలీసులకు తెలియజేయాలని ఆ చట్టమే చెబుతోంది, గుడి గౌరవం పేరుతో దాచకూడదు. పెద్దవాళ్ళెవరూ విద్యార్థితో తలుపు వేసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు, గురువులకు కూడా ఇదే నియమం. ఏదైనా ఇబ్బంది ఎదురైతే చెప్పుకోవడానికి ఒక మహిళ, ఒక పురుషుడు ఎవరో మొదటి రాత్రే అందరి ముందూ చూపించి, వాళ్ళ ఫోన్ నంబర్లు గోడకు అంటించండి. దగ్గరి ఆసుపత్రి, 108, మందుల పెట్టె ఎక్కడుందో కూడా ఆ కాగితంలోనే రాయండి.

ఎనిమిదో మెట్టు: తర్వాతి నెలలు

పదిహేను రోజుల్లోపు రెండు పేజీల నివేదిక, లెక్కల పట్టిక బిషప్ గారికి, ప్రిన్సిపల్‌కు, బియ్యం ఇచ్చిన విచారణలకు చేరాలి. మూడో వారంలో ప్రతి యూనిట్‌కు ఫోన్ చేసి రాసుకున్న పని ఎక్కడి దాకా వచ్చిందో అడగండి. ఒంటరిగా వచ్చిన విద్యార్థుల జాబితాను పక్కన పెట్టుకుని, వాళ్ళ కాలేజీకి దగ్గరలోని విచారణ గురువులకు ఒక్కొక్కరి పేరూ, వారి అనుమతితోనే, చెప్పండి. వచ్చే ఆదివారం పూజలో వాళ్ళను పేరుపెట్టి పలకరించేవారు ఒకరుండాలి.

చివరి సంవత్సరం విద్యార్థుల్లో కొందరు ఎంఎస్ కోసం అమెరికా వెళ్తారు. అక్కడి చాలా విశ్వవిద్యాలయాల్లో కతోలిక విద్యార్థులకు న్యూమన్ సెంటర్ ఉంటుందని, కొత్త సంవత్సరం మొదటి రోజుల్లో సీక్ అనే పెద్ద వార్షిక సమావేశం జరుగుతుందని, దానికి వేలమంది విద్యార్థులు వస్తారని చెప్పి పంపండి. ఊరుకాని ఊళ్ళో మొదటి చలికాలం గడపడానికి ఆ రెండు పేర్లు పనికొస్తాయి.

ఇక మీరు పదవి దిగేముందు ఒక ఫైలు తయారుచేయండి. అందులో ఉత్తరాల నకళ్ళు, బడ్జెట్, అసలు అయిన ఖర్చు, బస చేసిన చోటి మంచిచెడ్డలు, పాపసంకీర్తనానికి వచ్చిన గురువుల ఫోన్లు, ఉపదేశుల ఫోన్లు, యూనిట్లు రాసుకున్న పనుల జాబితా ఉండాలి. కొత్త కార్యదర్శి చేతికి ఇస్తూ గంటసేపు పక్కన కూర్చుని ఒక్కో కాగితం చూపించండి. వచ్చే ఏడాది సమావేశం తేదీని ఆ గంటలోనే ఇద్దరూ కలిసి పరీక్షల పట్టిక ముందు పెట్టుకుని వెతకడం మొదలుపెట్టండి.